సత్తెమ్మ చుట్టిన కాయిళ్లు

లింగంపల్లి స్టేషన్ నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో, కట్టెల అడితి పక్కన, లింగమూర్తి మోటారు వైండింగ్ దుకాణం ఉండేది. బోర్డు మీద పేరు లింగమూర్తిది. లోపల కూర్చుని తీగ చుట్టేది మాత్రం అతని భార్య సత్తెమ్మ. ఈ సంగతి చుట్టుపక్కల ద్రాక్షతోటల వాళ్లందరికీ తెలుసు. ఎండాకాలంలో బావి మోటారు కాలిపోతే బండి మీద వేసుకొచ్చి, ముందు "అక్క ఉన్నదా?" అని అడిగేవాళ్లు. లేదని చెబితే మోటారు దింపి, ఆమె వచ్చేదాకా అక్కడే చుట్ట కాలుస్తూ కూర్చునేవాళ్లు.

సత్తెమ్మ సాలెల ఇంట్లో పుట్టింది. తండ్రి పోచయ్య మగ్గం నేసేవాడు. ఏడేళ్ల వయసు నుంచే ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టింది. పోగును ఎంత లాగితే తెగుతుందో, ఎంత వదిలితే జారుతుందో ఆమె వేళ్లకు అప్పుడే తెలిసిపోయింది. పెళ్లయిన కొత్తలో మొగుడికి అన్నం తెచ్చి, అతను తినేదాకా పక్కన కూర్చుని పని చూస్తుండేది. ఒకసారి లింగమూర్తికి జ్వరం వచ్చి వారం రోజులు మంచం దిగలేదు. నారుమడి ఎండిపోతోందని ఒక రైతు మోటారు తెచ్చి గుమ్మం ముందు కూలబడ్డాడు. సత్తెమ్మ కొంగు నడుముకు దోపి, కాలిన తీగను విప్పుతూ చుట్లు లెక్కపెట్టుకుంది. కొత్త తీగను అదే లెక్కన చుట్టి బిగించింది. మోటారు తిరిగింది.

జ్వరం తగ్గాక లింగమూర్తి ఆ రైతు బావి దాకా నడిచివెళ్లి, మోటారు మూత తీయించి చూశాడు. ఇంటికొచ్చి, "ఇగ చుట్టుడు నీది. బేరింగులు, బుష్షులు నేను జూసుకుంట" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఏమాత్రం చిన్నతనం అనిపించలేదు. పైగా ఊరంతా చెప్పుకొని మురిసిపోయాడు.

పంతొమ్మిది వందల డెబ్భై ఆరో సంవత్సరం చలికాలంలో ఒక పొద్దున దుకాణం ముందు స్కూటర్ ఆగింది. దిగినాయన సన్నగా, కళ్లజోడుతో ఉన్నాడు. పేరు పార్థసారథి. కోస్తా నుంచి వచ్చి, రాళ్లగుట్టల అవతల కొత్తగా కట్టిన పరిశోధనశాలలో పనిచేస్తున్నాడు. జేబులోంచి రుమాలు తీసి, అందులో చుట్టిన గాజు గొట్టం బయటపెట్టాడు. చిటికెన వేలంత లావు కూడా లేదు. దాని మీద తలవెంట్రుకలాంటి రాగితీగ తెగి వేలాడుతోంది.

"మా యంత్రంలో కాయిల్ అండి ఇది. తెగిపోయింది. విదేశం నుంచి కొత్తది రావడానికి ఎనిమిది నెలలు పడుతుందన్నారు. సికింద్రాబాదులో నలుగురిని అడిగాను. ఎవరూ ముట్టుకోలేదు."

లింగమూర్తి తల గోక్కున్నాడు. "మేము బాయి మోటార్లు చుట్టెటోళ్లం సారూ. గిది మాతోని యాడయితది?"

సత్తెమ్మ అప్పటికే గొట్టం అందుకుని వెలుతురుకు ఎత్తి చూస్తోంది. "ఎన్ని చుట్లు?"

"పన్నెండు. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎడం సమానంగా ఉండాలి. ఒకదానికొకటి తగలకూడదు."

"గంతేనా? రేపు పొద్దుగాల రాండ్రి."

ఆ మధ్యాహ్నం ఆమె రాగితీగ పక్కనే అంతే లావున్న నూలుపోగును జోడించి, రెండూ కలిపి గొట్టానికి చుట్టింది. కొసలు అతికించి, ఆరాక నూలుపోగును మెల్లగా లాగేసింది. తీగ మిగిలింది, పోగు ఉన్నంత మేర ఎడం మిగిలింది. మర్నాడు పార్థసారథి దాన్ని భూతద్దంతో చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇదెలా చేశారండీ?"

"నూలు దారం బెట్టిన సారూ. మాది సాలోళ్ల ఇల్లు" అంది ఆమె. "గని, గింత సన్నపు కాయిల్‌తోని ఏం జేస్తరు మీరు?"

పార్థసారథికి చెప్పడం ఇష్టం. అడిగేవాళ్లు అరుదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పెద్ద అయస్కాంతం మధ్యలో నీళ్లు పెడితే, ఆ నీళ్లలోని అణువుల్లో ఉండే కణాలు కూడా బుల్లి అయస్కాంతాల్లా ఒక వరసకు వస్తాయనీ, రేడియో తరంగంతో వాటిని కదిపితే తిరిగి సన్నగా పలుకుతాయనీ చెప్పాడు. "ఆ పలుకు వినే చెవి మీరు చుట్టిన కాయిలేనండి."

"నీళ్లు మాట్లాడ్తయా?" సత్తెమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే ఇంకో ప్రశ్న వేసింది. "అయితే మనిషి పెయ్యిల నీళ్లు గూడ మాట్లాడ్తయా?"

పార్థసారథి స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "అదేనమ్మా అసలు సంగతి. ఒంట్లో సగానికి పైగా నీళ్లే. కత్తి పెట్టకుండా, కోయకుండా లోపల ఏముందో చూడొచ్చని కొన్ని దేశాల్లో ప్రయత్నిస్తున్నారు. మేమూ చిన్నగా మొదలుపెట్టాలనుకుంటున్నాం."

అప్పటి నుంచి స్కూటర్ తరచుగా ఆగేది. ఏడాది గడిచాక అతను ఒక కాగితం తెచ్చాడు. అయస్కాంతానికి చెరో పక్కన పెట్టాల్సిన రెండు గుండ్రటి కాయిళ్ల బొమ్మ. ఒక్కొక్కటి నలభై చుట్లు. అయస్కాంతం బలం అంతటా ఒకేలా ఉంటే నీళ్లన్నీ ఒకే స్వరంలో పలుకుతాయి. ఈ కాయిళ్లు ఒక పక్క బలాన్ని కాస్త పెంచి, రెండో పక్క తగ్గిస్తాయి. అప్పుడు స్వరాన్ని బట్టి ఏ నీళ్లు ఎక్కడున్నాయో చెప్పొచ్చు. సత్తెమ్మ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చుట్టి, వార్నిష్ పూసి, ఎండబెట్టి ఇచ్చింది.

నాలుగు రోజులకు పార్థసారథి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. సన్నని గొట్టాలు రెండు నీళ్లతో నింపి పక్కపక్కన పెట్టారట. యంత్రానికున్న పెన్ను కాగితం మీద గొట్టానికొకటి చొప్పున రెండు గుట్టలు గీయాలి. ఒకటే గీస్తోంది. కాయిళ్లకు కరెంటు ఇస్తే ఆ గుట్ట పక్కకు జరుగుతోంది గానీ రెండుగా విడిపోవడం లేదు.

"మా పెద్దాయన చుట్టడంలోనే లోపం ఉందంటున్నారండి."

సత్తెమ్మ చేతిలో పని పక్కన పెట్టింది. "నేనొచ్చి జూస్త. ఏమయ్యా, దుకాణం జూసుకో" అని మొగుడికి చెప్పి, సంచి భుజాన వేసుకుని బయలుదేరింది. స్కూటర్ వెనకాల కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి. గుట్టల మధ్య దారంతా సీటు గట్టిగా పట్టుకుని, దిగాక మాత్రం "మంచిగుంది సారూ బండి" అంది.

పరిశోధనశాలలో ఆ పెద్దాయన సీతారామాంజనేయులు ఉన్నాడు. తెల్ల చొక్కా, నెరిసిన జుట్టు, గట్టి గొంతు. ఆమెను చూసి ఇబ్బందిగా కదిలాడు. "ఏమయ్యా పార్థసారథీ, ఇది బావి మోటారు కాదు. చుట్టు ఒక్కటి తప్పినా మొత్తం పోతుంది. ఆమెను అని ఏం లాభం?"

"చుట్లు లెక్కబెట్టుకోండ్రి సారూ" అంది సత్తెమ్మ. కోపం లేదు గొంతులో. "ఒక్కటి తక్కువున్నా ఇంకోసారి మీ గడప తొక్క."

ఆమె సంచిలోంచి దిక్సూచి డబ్బా తీసింది. మోటారు చుట్టాక ఏ కాయిల్ ఏ దిక్కు చూపుతోందో పరీక్షించడానికి దుకాణంలో రోజూ వాడేదే. కాయిళ్లను అయస్కాంతం నుంచి బయటికి తీయించి, దూరంగా బల్ల మీద పెట్టించి, కొద్దిగా కరెంటు ఇమ్మంది. దిక్సూచిని మొదటి కాయిల్ ముందు పెట్టింది. ముల్లు కుడికి తిరిగింది. రెండోదాని ముందు పెట్టింది. అదీ కుడికే తిరిగింది.

"రెండూ ఒక్క దిక్కుకే నూకుతున్నయి. నేను చుట్టినప్పుడే జూసిన. కాయితంల గట్లనే ఉన్నది, మీకు గట్లనే గావాలె గావచ్చు అనుకున్న. గని మీరేమో ఒక పక్క పెరగాలె, ఒక పక్క తగ్గాలె అంటిరి. ఒక్కటి ఇటు నూకితే ఒక్కటి అటు నూకాలె గద?"

పార్థసారథి కాగితం లాక్కుని చూశాడు. రెండో కాయిల్ బొమ్మను అవతలి వైపు నుంచి చూసినట్టు గీశాడు. బాణం గుర్తు మాత్రం ఇవతలి వైపు నుంచి చూసినట్టు వేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"తప్పు నాదేనండి. మళ్లీ చుట్టాలి. పది రోజులు..."

"మల్లెందుకు చుట్టుడు?" సత్తెమ్మ ఆశ్చర్యపోయింది. "గా రెండోదాని కొసలు ఇటుదటు మార్చుండ్రి, అయిపాయె."

రెండు మరలు విప్పి, తీగ కొసలు మార్చి బిగించడానికి పట్టింది మూడు నిమిషాలు. కాయిళ్లను మళ్లీ అయస్కాంతంలో అమర్చి, గొట్టాలు లోపల పెట్టారు. కాగితం కదిలింది. పెన్ను మెల్లగా పైకెక్కి, దిగి, కాసేపు నేల మీద నడిచినట్టు నడిచి, మళ్లీ పైకెక్కి దిగింది. రెండు గుట్టలు. పార్థసారథి చిన్నపిల్లాడిలా గెంతాడు. సీతారామాంజనేయులు కాగితాన్ని చింపి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత సత్తెమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, ఇందాక నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కూర్చోండి. కాఫీ తాగుతారా?"

"చాయ్ అయితే తాగుత" అందామె.

ఆ తర్వాత రెండేళ్లలో ఆమె ఆ యంత్రానికి పదకొండు కాయిళ్లు చుట్టింది. డెబ్భై తొమ్మిదిలో నీళ్ల గొట్టాలు చాలించి, నిజమైన వస్తువు లోపలి బొమ్మ తీద్దామనుకున్నారు. సన్నగా ఉండాలి, నీరుండాలి, లోపల ఏముందో ముందే తెలిసుండాలి. ఏం పెట్టాలా అని వాళ్లు తర్జనభర్జన పడుతుంటే సత్తెమ్మ, "బెండకాయ పెట్టుండ్రి. అయిదు అరలుంటయి, ఎవరైనా గుర్తుబడ్తరు" అంది.

కాయను కొద్దికొద్దిగా తిప్పుతూ రెండు రోజులు కొలిచారు. ఆ అంకెలన్నీ కంప్యూటర్ చదివే అట్టకార్డుల మీద చిల్లులుగా గుద్దించి, పార్థసారథి పట్నంలో కంప్యూటర్ ఉన్న చోటికి మోసుకెళ్లాడు. వారం తర్వాత వెడల్పాటి కాగితం పట్టుకుని నేరుగా దుకాణానికే వచ్చాడు. చుక్కలు, గీతలు, అక్షరాలు కుప్పపోసినట్టున్న ఆ కాగితాన్ని నాలుగడుగుల దూరంలో ఎత్తి పట్టుకున్నాడు. మసకమసకగా అయిదు మూలల వలయం, దాని మధ్యలో అయిదు ఖాళీలు. లింగమూర్తి నోరు తెరిచాడు.

"బెండకాయే! కొయ్యనే లేదు!"

సత్తెమ్మ దగ్గరికొచ్చి, కాసేపు చూసి, "లేతది. గింజలింకా ముదరలే" అని తేల్చింది. తర్వాత నిజంగా కోసి చూస్తే అది లేతదే.

ఆ ఆదివారం శేరిలింగంపల్లి సంతలో ఆమె బెండకాయలు ఏరుతూ ఒకదాని కొస విరవబోయింది. అమ్మే భాగ్యమ్మ చెయ్యి మీద ఒకటి వేసింది. "కొసలు ఇర్వకు సత్తెమ్మా, ఎవరు కొంటరు తర్వాత?"

"ఇర్వకుండనే లేతదో ముదురుదో జెప్పే మిషిన్ ఉన్నది మా దగ్గర, ఎరికేనా?"

"అయితే గా మిషిన్ తెచ్చుకోపో!"

సత్తెమ్మ నవ్వు సంత చివరిదాకా వినబడింది. ఒక్క కొస కూడా విరవకుండా అర్ధకిలో తూయించుకుని, కొంగులో పోసుకుని ఇంటిదారి పట్టింది.