అనుమతి లేనిదే మాత్ర ఇవ్వని హెర్షెల్

మా మందుల షాపు యజమాని హెర్షెల్ ప్రూయిట్ గారికి ఒకటే పిచ్చి: రూలు. బీమా కంపెనీ అచ్చేసిన నాలుగొందల పేజీల నిబంధనల పుస్తకాన్ని ఈ ఒహాయో రాష్ట్రం మొత్తమ్మీద చదివిన మహానుభావుడు ఆయనొక్కరే. రాసినవాడు కూడా చదివుండడని నా గట్టి నమ్మకం.

ఖరీదైన మందైతే డాక్టరు రాస్తే చాలదు, డబ్బు కట్టే బీమా కంపెనీ ముందుగా సరేననాలి. అక్కడ కుర్చీలో కూర్చున్నవాడు రోగి మొహం చూసిన పాపాన పోడు. కానీ ఎవరికి ఏ మాత్ర పడుతుందో వాడే తేలుస్తాడు! ఇంత సిగ్గుమాలిన ఏర్పాటుని మా హెర్షెల్ గారు నిష్ఠగా పాటించేవారు.

మా ఊరి డాక్టర్ ఆస్ట్రాండర్ పంపే అనుమతి ఫారాల్ని కంపెనీకంటే ముందు ఈయనే తిప్పికొట్టేవారు.

"తేదీ గడి గీత దాటింది డాక్టరుగారూ, మళ్ళీ రాయండి."

"నువ్వెవరి మనిషివయ్యా? వాళ్ళేమైనా జీతమిస్తున్నారా నీకు?"

"బరువు కిలోల్లో అడిగారు. మీరు పౌండ్లలో రాశారు."

డాక్టరు ఫోను ఠపీమని పెట్టేసేవాడు. పక్కనే మాత్రలు సీసాల్లో పోస్తూ పన్నెండేళ్ళు నేనూ పళ్ళు నూరాను.

ఓ శుక్రవారం మధ్యాహ్నం వర్నా డిల్లార్డ్ వచ్చింది. బడి వంటశాలలో కాగే నూనె దగ్గర ఆమె పని. మూర్ఛ మాత్రలు ఆ పూటతో ఆఖరు. ఏడాదికోసారి తన జబ్బు ఇంకా ఉందని కంపెనీకి రుజువు చేసుకోవాలిట! కొత్త ఫారం పంపాం. సోమవారం చూస్తామంది ఫోన్లో కంపెనీ అమ్మాయి.

"ఈలోగా చవక మాత్ర వాడమనండి."

"అది పనిచెయ్యకపోతే?" అన్నారు హెర్షెల్.

"ఫిట్సు వస్తే తెలుస్తుంది కదండీ."

నాకు ఒళ్ళు మండింది.

"ఇచ్చేయండి సార్, ఎవడు చూడొచ్చాడు!" అన్నాను.

"రూలు ఉండాలి" అన్నారాయన. ఛీ, రాతి మనిషి అనుకున్నాను.

ఆయన ఫోను దగ్గరికి లాక్కున్నారు. "అమ్మాయ్, మీ పుస్తకం రెండొందల పన్నెండో పేజీ తియ్యి."

"ఏ పుస్తకమండీ?"

"మీదేనమ్మా. చదువుతా విను. ప్రాణానికి ముప్పుంటే అనుమతి రాకపోయినా మూడు రోజుల మందు ఇవ్వచ్చు, ఖర్చు కంపెనీదే. నీ పేరు చెప్పు, రాసుకుంటా."

"మేనేజరుగారిని అడగాలండీ..."

"అడగాలని ఇందులో లేదు" అంటూనే సీసాలో మాత్రలు పోసేశారు.

"ఇన్నాళ్ళూ ఆ పుస్తకమంటే మీకు ప్రేమనుకున్నాను సార్."

"ప్రేమా? వాళ్ళ మొహం! తప్పున్న ఫారం వాళ్ళు తిప్పికొడితే రోగికి పది రోజులు ఆలస్యం. నేను తిప్పికొడితే పది నిమిషాలు. ఈ ఫారంలో ఒక్క గడిలోనూ తప్పు లేదు, సోమవారం పాసై తీరుతుంది."

వర్నా కౌంటరు మీంచి వంగి ఆయన బుగ్గమీద గట్టిగా ముద్దు పెట్టేసింది. ఆయన చెవులదాకా ఎర్రబడిపోయి, గబగబా పుస్తకం తిరగెయ్యడం మొదలెట్టారు.

"మూసెయ్యండి సార్," అన్నాను. "దీనికి ఎవడి అనుమతీ అక్కర్లేదు."