తిరుమంగళం పియానోకి నేను రాసిన రిపోర్టు

కోయంబత్తూరు హెడ్డాఫీసు నుంచి నన్ను మదురై బ్రాంచికి వేసింది నా రిటైర్మెంటుకు తొమ్మిదేళ్ల ముందు, తమిళుల ఆడి నెలలో, మన ఆషాఢం లాంటిది. ఆడిలో వాయిద్యాలు కొనేవాళ్లు ఉండరు కనుక దుకాణం ఖాళీగా ఉండేది. మా సర్వీసు విభాగానికి మాత్రం పని తగ్గేది కాదు. అప్పటికి నా హోదా సీనియర్ టెక్నీషియన్. దాని పైన ఉన్నది సర్వీస్ సూపర్‌వైజర్ పదవి ఒక్కటే, అది ఏడాదిగా ఖాళీ. దాని మీద నాకు కన్ను ఉండేదని ముందే ఒప్పుకుంటాను.

పియానో లోపల చూడనివారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. మీటలు ఎనభై ఎనిమిది. అందులో తెల్లవి యాభై రెండు. ఒక్కో మీటా పొడవాటి చెక్క బద్ద. మధ్యలో ఒక మేకు మీద ఊగుతుంది, ముందు వైపు ఇంకో మేకు దాన్ని పక్కలకు జరగకుండా పట్టుకుంటుంది. చెక్కా లోహమూ రాసుకోకుండా మేకు చుట్టూ ఉన్ని గుడ్డ అతికిస్తారు. తెల్లవాటి మీద వేలికి తగిలే పైరేకు పాత పియానోల్లో ఏనుగు దంతం, కొత్తవాటిలో ప్లాస్టిక్. కొత్త దంతానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి రేకు ఊడిన పాత పియానోకి మళ్లీ దంతమే కావాలని యజమాని పట్టుబడితే ఇంకో పాత పియానో చావాలి. ఈ సంగతి మా వృత్తిలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

ఆ నెలలో కొడైకానల్‌లోని ఒక మిల్లు యజమాని బంగళా నుంచి అలాంటి కోరిక వచ్చింది. పద్దెనిమిది రేకులు కావాలి, ప్లాస్టిక్ వేస్తే కంపెనీ మెట్లెక్కనన్నాడట. అదే వారం తిరుమంగళం నుంచి ఒక రిటైర్డ్ మ్యూజిక్ టీచర్ ఫోన్ చేసింది. పేరు రాజలక్ష్మి. ఆమె పియానో మీటలు బిగుసుకుపోయాయి, ఏడు రేకులు ఊడాయి. మేనేజరు రెండు కాగితాలూ నా ముందు పక్కపక్కన పెట్టి, "ఆ తిరుమంగళందీ మంచి దంతమే అంటారు. ఎలాగూ పాతబడింది కదా, చూసి రాండి," అన్నాడు. అబద్ధం చెప్పమని ఆయన అనలేదు. అని ఉంటే బహుశా ఎదురు తిరిగేవాణ్ని. అనకుండా వదిలేసి నా చేతికే ఇచ్చాడు, నేను తీసుకున్నాను.

ఆమె ఇల్లు మార్కెట్ వెనక వీధిలో. మొదట అంతా తమిళంలోనే మాట్లాడింది. మీటల ముందున్న మూత విప్పుతుండగా నాకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. భోంచేశావా అని మా ఆవిడ అడిగితే తెలుగులో జవాబు చెప్పాను. ఫోన్ పెట్టేసేసరికి టీచర్ మొహం విప్పారింది.

"ఏమయ్యా, మీరూ మనోళ్ళు దానా? ఏ ఊరు?"

మా వైపు తెలుగులో ఆ 'దా' తమిళం నుంచి వచ్చింది, మనోళ్లేనా అని అడుగుతోంది. పొల్లాచ్చి వైపు అన్నాను. పెద్ద చెంబు నిండా మజ్జిగ తెచ్చిపెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ముందు దిండిగల్ నుంచి ఒకడు వచ్చి చూసినాడు తమ్ముడూ. నాలుగు దినాల పని, బాగయిపోతాది అన్నాడు. పని కావాలని అంటాడో ఏమో, నాకు నమ్మకం రాలేదు. నువ్వు మనోడివి. నువ్వేమి చెప్పితే అది దా."

మీటలు ఒక్కొక్కటే తీసి వరసలో నేల మీద పరిచాను. ప్రతి బద్ద మీదా తయారు చేసినవాళ్లు గుద్దిన నెంబరు ఉంటుంది, ఒకటి నుంచి ఎనభై ఎనిమిది దాకా. ఆ వరస తప్పకూడదు. ఉన్ని గుడ్డను పురుగు తినేసింది. బరువు కోసం బద్దల్లో దిగ్గొట్టిన సీసం బిళ్లలు ఉబ్బి పక్క మీటలకు ఒరుసుకుంటున్నాయి. బిళ్లలు అరగదీసి, గుడ్డ మార్చి, ఊడిన ఏడింటికి ప్లాస్టిక్ రేకులు అతికిస్తే ఇంకో ముప్పై ఏళ్లు పలుకుతుంది. దిండిగల్ పనివాడు చెప్పింది అక్షరాలా నిజం, నాలుగు రోజుల పని. ఊడకుండా ఉన్న దంతం రేకులు నలభై అయిదు, ఒక్కదానికీ బీట లేదు.

మా తనిఖీ రిపోర్టు మూడు ప్రతుల్లో రాస్తాం. గులాబీ రంగుది కస్టమరుకి. అందులో నేను శ్రుతి మేకుల చెక్క పగిలిందని రాశాను. తీగలు బిగించే మేకులన్నీ దిగి ఉండేది ఆ చెక్కలోనే. అది పగిలితే పియానో శ్రుతి నిలవదు, బాగు చేసే ఖర్చుతో ఇంకోటి వస్తుంది. అది ఇనప చట్రం వెనక ఉంటుంది, తీగలన్నీ విప్పితే గాని ఎవరికీ కనబడదు. అందుకే దాన్ని ఎంచుకున్నాను. కింద 'కండెమ్', అంటే ఇక పనికిరాదు, అని రాసి సంతకం చేశాను.

ఆమె గులాబీ కాగితం రెండుసార్లు చదివింది. "నిజంగా దానా తమ్ముడూ?"

"అవునక్కా," అన్నాను.

"ఇంకేమి చేసేది! నువ్వు చెప్పితివి, అయిపోయ," అని కాగితం మడిచి బీరువాలో పెట్టింది. పాతది తీసుకుని బదులుగా అరవై ఒక్క మీటల ఎలక్ట్రానిక్ కీబోర్డు ఇచ్చాం. పియానో వెళ్లిపోయేటప్పుడు లారీ వాళ్ల చేత నెమ్మదిగా ఎత్తించమని నాకే చెప్పింది.

రేకులు తీయడం ఓపికైన పని. తడిగుడ్డ పరిచి, దాని మీద ఇస్త్రీపెట్టె ఉంచి, జిగురు మెత్తబడ్డాక పలచటి కత్తి దూర్చాలి. తొందరపడితే దంతం పెళుసుగా విరుగుతుంది. నా చేతిలో ఒక్కటీ విరగలేదు. గర్వం కూడా కలిగింది, దాచను. కొడైకానల్ బంగళాలో పద్దెనిమిదీ అతికించి నునుపు చేస్తే పాతవేవో కొత్తవేవో యజమానికే తెలియలేదు. ఆ ఇంట్లో పియానో వాయించేవాళ్లు లేరు. దాని మీద ఫోటోలు పెట్టుకున్నారు. తై నెలలో, సంక్రాంతి వెళ్లాక, నేను సూపర్‌వైజర్‌నయ్యాను.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను మరిచిపోయేవాణ్ని, నా గురించి నాకు ఆ మాత్రం తెలుసు. టీచరు అవనివ్వలేదు. రెండేళ్లలో అయిదు ఇళ్లవాళ్లను నా దగ్గరికి పంపింది. అందరూ మన తెలుగు కుటుంబాలే, విరుదునగర్ నుంచి మేలూరు దాకా. సెకండ్ హ్యాండ్ పియానో కొనే ముందు నా చేత చూపించుకోమనేదట. అయిదో ఇంటి పెద్దమనిషి నాతో అన్నాడు: "టీచరమ్మ చెప్పింది, మీరు పని పోయినా పొయ్యనీ అని నిజం చెప్పే రకమంట."

ఆ శనివారమే తిరుమంగళం వెళ్లాను.

ఆమె ఒక పాపకు పాఠం చెబుతోంది. తను వాయించి చూపుతుంటే ఎడమ చెయ్యి కింది స్వరాల వైపు జరుగుతూ జరుగుతూ కీబోర్డు అంచు దాటి గాలిలో పడింది. పాప నవ్వింది. ఆమె కూడా నవ్వి, "రెండేండ్లయినా ఈ చేతికి బుద్ధి రాలేదు పో," అంది. పాపను పంపేశాక నేను కూర్చోకుండానే చెప్పాను. చెక్క పగల్లేదని, దిండిగల్ అతనిదే నిజమని, ఎందుకు అలా రాశానో, ఏ పదవి కోసమో, అంతా.

ఆమె నా చేతుల వంక చూసింది. "నా కట్టెలు ఇప్పుడు ఎక్కడ ఉండాయి?" అని అడిగింది. మీటల్ని మావాళ్లు కట్టెలంటారు.

వాటి రేకులు కొడైకానల్‌లో అన్నాను. మిగిలింది విప్పి అమ్మేశారన్నాను.

"ఎవురు వాయిస్తారు?"

"ఎవరూ వాయించరక్కా."

ఆమె లేచి వీధి తలుపు తెరిచి పట్టుకుంది. "సరింగ సార్. నీంగ కిళంబుంగ," అంది. సరే సార్, మీరు బయల్దేరండి అని, దుకాణంలో ఎవరితోనైనా అనేంత మర్యాదగా, తమిళంలో. మొహంలో కోపం కూడా లేదు. తరువాత ఒకే ఒక్కసారి, మదురైలో ఒక పెళ్లిలో ఎదురుపడింది. చుట్టూ అందరం తెలుగులో మాట్లాడుకుంటున్నాం. నాకు జవాబు తమిళంలోనే వచ్చింది.

రాజీనామా చేశానని ఎవరైనా అనుకుంటారేమో. చెయ్యలేదు. సూపర్‌వైజర్‌గానే రిటైరయ్యాను, పెద్ద దండ కూడా వేశారు. నేర్చుకున్నది మాత్రం కింద పనిచేసిన వాళ్లందరికీ నియమంగా పెట్టాను. కండెమ్ అని రాసే ముందు పాడైన భాగం విప్పి యజమాని చేతిలో పెట్టాలి. విప్పి చూపలేనిది రిపోర్టులో రాయకూడదు. ఈ నియమం ఎందుకని ఒకరిద్దరు అడిగారు. నాలాంటి వాడు ఒకడు ఇక్కడ పనిచేశాడని చెప్పాను.