మూడో మాట

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోన్లు శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలోకి ఇంకా సరిగ్గా దిగని రోజుల్లో, నాకు తెలియని విషయం అంటూ లేదు. వయసు ఇరవై రెండు. పోస్టులో చేసిన బైబిలు కోర్సు ఒకటి, టెక్కలిలో ఒక రిటైర్డు మాస్టారు ఇచ్చిన లావుపాటి పుస్తకం ఒకటి (సగమే చదివాను, రెండో సగం నాకు అక్కర్లేదనుకున్నాను), ఈ రెండింటి బలంతో పూండి దగ్గరున్న మా ఊరి బాప్టిస్టు సంఘాన్ని ఉద్ధరించేద్దామని బయల్దేరాను. జూన్‌లో బైబిలు కాలేజీలో చేరాలి. అందుకు సంఘ పెద్ద సంతకం చేసిన ఉత్తరం కావాలి. ఆ సంఘ పెద్ద స్వయానా మా మేనమామ. ప్రసంగం ఎవరు చేసినా చేతి గడియారం చూపించి గొంతు సవరించేవాడు కనుక ఊరంతా ఆయన్ని గడియారం మావ అనేది.

గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. పైన రేకుల కప్పు, కడుపులో ఉపవాసం. మూడో మాటకే సగం తలలు వాలిపోయేవి. ఆ మూడో మాట, తల్లిని శిష్యుడికి అప్పగించే మాట, ఏటా మా మావదే. తల్లి దగ్గరికి వచ్చేసరికి ఆయన గడియారం కూడా మరిచిపోయేవాడు. ఆ సంవత్సరం నాలుగో మాట నాకిచ్చారు. నన్నెందుకు వదిలేశావని తండ్రిని అడిగే మాట.

లేచాను. చొక్కాకి గంజి ఎక్కువై మెడ తిరగలేదు గానీ నోరు బాగానే తిరిగింది. ఈ ఏడు మాటలూ ఒక్క పుస్తకంలోవి కావన్నాను. మార్కు సువార్తలో యేసు అనేది ఈ ఒక్క మాటే, తర్వాత కేక వేసి ప్రాణం విడుస్తాడు. మత్తయి ఆ కథే తీసుకుని అడుగడుగునా ప్రవక్తల్ని సాక్ష్యానికి పిలుస్తాడు. లూకాలో అంత బాధ కనపడదు, అక్కడ క్షమించి, దొంగను ఓదార్చి, నెమ్మదిగా వెళ్లిపోతాడు. యోహానులో అయితే రాజు పని ముగించుకున్నట్టే. నాలుగూ కలిపి ఏడు చేసుకున్నది మనం. రాసినవాళ్లు వాటి మీద తమ పేర్లు పెట్టుకోలేదు, తర్వాతివాళ్లు పెట్టారు. వాలిన తలలన్నీ లేచాయి. అంతమంది నన్ను శ్రద్ధగా వినడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ ఊపులో ఇంకొకటి వదిలాను. "తల్లి సిలువ దగ్గర నిలబడిందని రాసింది యోహాను ఒక్కడే. తక్కిన ముగ్గురూ ఆవిడ అక్కడ ఉందని చెప్పనే లేదు."

ఆరాధన అయ్యాక మావ నన్ను చర్చి వెనక్కి లాక్కుపోయాడు. "ఒరే, నా నలుగురు కొడుకులకీ ఆ నాలుగు పేర్లే ఎట్టినాను. ఇప్పుడా పేర్లు రాసినోలవి కావంటావేటి?" (ఆ నలుగురూ పొలం గట్టు దగ్గర ఏనాడూ ఒక్క మాట మీద నిలబడిన వాళ్లు కారు. అయినా సువార్తలు నాలుగూ ఒకే మాట చెప్పాలని మావ పట్టు.) "ఈస్టరు నాడు సంగం ముందర తప్పయిందని సెప్పు. నేదా, ఆ ఉత్తరం మాట మర్సిపో."

గేటు దగ్గర జీడిబద్దల పెద్దమ్మ నాకోసం నిలబడి ఉంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే పని ఆవిడది, వేళ్లన్నీ జీడినూనెకి నల్లబడిపోయాయి. ఒక్కగానొక్క కొడుకు కిడ్నీలు పాడై విశాఖ పెద్దాసుపత్రిలో పోయాడు. మార్చు బట్టలు తెస్తానని ఆవిడ ఇంటికొచ్చిన రోజునే పోయాడు. అప్పటి నుంచీ ఏటా మూడో మాట మొదలవగానే లేచి బయటికి వెళ్లిపోయేది. ఉక్కపోతకి కాబోలు అనుకునేవాళ్లం.

"బాబూ, నిజమేనేటి? ఆయమ్మ అక్కడ నేదా?"

"మూడు పుస్తకాల్లో లేదు పెద్దమ్మా."

"ఓలమ్మా! అయితే ఆవిడ కూడా నాలాగే ఏ పనిలోనో ఉండిపోనాదేమో." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏటేటా మీ మావ సెప్తంటే సిగ్గేసీది బాబూ. ఆ తల్లి నిలబడినాది, నానే నిలబడనేదని." కొంగు ముడి విప్పి నాలుగు జీడిబద్దలు నా చేతిలో పెట్టింది. ఆవిడ నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

ఈస్టరు ఆదివారం నాడు లేచాను. పేర్ల సంగతి తప్పంటే మావకి సరిపోయేది. నేను అంతటితో ఆగలేదు. ఉత్తరం మీద ఆశ అలాంటిది. తల్లి అక్కడే ఉంది, నలుగురూ అదే చెప్పారు, తెలిసీ తెలియక వాగాను, క్షమించండి అన్నాను. రెండు నిమిషాల్లో ముగించాను. మా సంఘంలో టైముకి ముందే ఆపిన మనిషిని నేనొక్కణ్ణేనని మావ మురిసిపోయి, అక్కడికక్కడే సంతకం పెట్టాడు.

గేటు దగ్గర పెద్దమ్మ మళ్లీ అడిగింది. "ఉన్నాదేటి బాబూ?"

ఉత్తరం జేబులో ఉంది. "ఉంది పెద్దమ్మా" అన్నాను.

"అలాగా. ఉంతాది మరి, తల్లి కదా" అని వెళ్లిపోయింది. మరుసటేడు మూడో మాట మొదలవగానే మళ్లీ లేచి బయటికి నడిచిందట.

ఇప్పుడు నేనూ పాస్టర్నే. ఆ పుస్తకం రెండో సగం కూడా చదివాను. నలుగురూ నాలుగు రకాలుగా చూశారని చెబితే దేవుడికేమీ తక్కువ కాదని అందులో ఉంది. అది పెద్దమ్మకి చెప్పే ధైర్యం వచ్చేసరికి పెద్దమ్మ లేదు. గుడ్ ఫ్రైడేకి ఏ మాట ఇచ్చినా తీసుకుంటాను, మూడోది తప్ప. ఆ గంజి చొక్కా కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తాడు. గొప్ప కోసమే వాగాడు గానీ శుక్రవారం నాడు వాడు నిజమే చెప్పాడు. పాస్టరైంది మాత్రం ఆదివారం నాటి వాడు.