మ్యాపులో లేని బండిదావ

మా నాయన కంటికి చెరుకు తప్ప మరే పంటా పంటలాగా ఆనేది కాదు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే రోడ్డు దిగి, నాలుగు కయ్యలు దాటితే మా రెండెకరాలు. ఆ నాలుగు కయ్యలూ ఒకాయనవే. నాయన ఆయన్ను బావా అనేవాడు, నేను మామా అనేదాన్ని. చుట్టరికమేమీ లేదు. పొలాల గెనిమగట్లు పక్కపక్కన ఉంటే మా వైపు వరసలు వాటంతటవే కలుస్తాయి.

మా చెరుకు రోడ్డెక్కాలంటే మామ కయ్యల అంచునే రావాలి. ఆ బండిదావ ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు. తాత ఎద్దులబండి దాని మీదే నడిచింది, నాయన ట్రాక్టరూ దాని మీదే నడిచింది. మామ ఎప్పుడు దుక్కి దున్నించినా ఆ దావ దగ్గరికి రాగానే మడక తిప్పేసేవాడు. మా బావి నీళ్లు ఎండాకాలంలో ఆయన కయ్యలకు పారేవి. ఇదంతా ఎక్కడా రాసి లేదు. పక్కింటి అరుగు మీద కూర్చోవడానికి ఎవరైనా కాగితం రాయించుకుంటారా? మాకూ అంతే.

తిరుపతి మా వైపు పెరగడం మొదలయ్యాక ఎవరిని కదిపినా పంట మాట పోయి, ఇళ్ల స్థలాలు కొలిచే అంకణం మాట వచ్చింది. ఎకరాల్లో బతికినవాళ్లు అంకణాల్లో కలలు కనడం నేర్చుకున్నారు. నాకు వాళ్ల మీద మండిపోయేది. నేనేమో తిరుపతిలో టీచరమ్మను. అంకణాల లెక్కన కొన్న స్థలంలోనే ఇల్లు కట్టుకుని, ఆదివారం పూట ఊరికి వచ్చి, వాళ్ల మీద కోపం తీర్చుకుని పోయేదాన్ని.

చివరికి మామ కూడా కయ్యలు అమ్మకానికి పెట్టాడు. బోరు ఎండిపోయింది, కూలోళ్లు దొరకడం లేదు, ఆయన్ను తప్పు పట్టడానికి ఏమీ లేదు. అగ్రిమెంటు రాసే ముందు ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చాడు.

"బావా, రాతకోతలు అయ్యేలోపల ఓ పని సేసుకుందాం. పదడుగుల దావ నీ పేరున రాయించేస్తా. రేపు రిజిస్టరాఫీసు కాడికి రా."

నాయన నవ్వాడు. "నీకూ నాకూ మద్దెన కాగితమా బావా? మా నాయన నడిసిన దావకు నేను కాగితం అడిగితే, నిన్ను నమ్మలేదనే గదా అర్తం. కొనేవోళ్లకు ఓ మాట సెప్పు, సాలు."

"సెప్తాలే. అయినా రాసుకుంటే మేలు. రేపు వాళ్లు ఎట్టుంటారో ఏమో."

"వాళ్లూ మనుసులే గదా. కాపీ తాగు, సల్లారిపోతా ఉండాది."

ఆ కాఫీ ఇచ్చింది నేనే. ఆ ఇంట్లో దస్తావేజు చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. "పోయి రాయించుకో నాయనా" అని అనాల్సింది నేను. అనలేదు. నాయన పెద్దమనసు చూసి పొంగిపోతూ గడప దగ్గర నిలబడ్డాను. ఆ పొంగు తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మామ మాట తప్పలేదు, కొన్నవాళ్లకు దావ సంగతి చెప్పాడు. వాళ్లు తలూపారు. మొదట హద్దురాళ్లు పడ్డాయి, తర్వాత సిమెంటు రోడ్లు, ఆ తర్వాత చుట్టూ గోడ, ముందర గేటు. ఒక ఏడాది వాచ్‌మన్ గేటు తీశాడు. మరుసటి ఏడు చెరుకు కొట్టించడం మొదలుపెట్టాక మా ట్రాక్టరును గేటు బయటే ఆపేశారు. బరువుకు కొత్త రోడ్లు పగిలిపోతాయట.

కొట్టిన చెరుకు ఎండలో ఆగదు, రోజురోజుకూ రసం తగ్గిపోతుంది. కూలోళ్లు రెండు రోజులు కట్టలు నెత్తిన పెట్టుకుని రోడ్డుదాకా మోశారు. మూడో రోజు మేస్త్రీ నాయన దగ్గరికొచ్చి, "అన్నా, మెడలు ఇరిగిపోతా ఉండాయి. మావల్ల గాదు" అన్నాడు. కొట్టనిది కయ్యలోనే పూతకొచ్చి బెండుబారింది.

అప్పుడు పరిగెత్తాం ఎమ్మార్వో ఆఫీసుకు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. సర్వేయరు చెడ్డవాడేం కాదు. నాయనను కుర్చీలో కూర్చోబెట్టి, మ్యాపు పరిచి, మా సర్వే నంబరు చుట్టూ వేలు తిప్పి చూపించాడు.

"మ్యాపులో దావ లేదు పెద్దాయనా."

"మ్యాపులో లేకపోతే, ఇన్నేండ్లూ నేను యాడ నడిసినట్టు సార్?"

ఆయన మ్యాపు మడతపెట్టుకున్నాడు. నాయన ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ సాయంత్రం మామ వచ్చి మా మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. "నువ్వు రమ్మన్నావు, నేనే రాలేదు బావా" అని నాయనే ఆయన్ను ఓదార్చాడు. నాయన ఒక ఏడాది బీడు పెట్టి, చివరికి ఆ గోడ కట్టినవాళ్లకే భూమి ఇచ్చేశాడు. దావ లేని భూమిని ఇంకెవరు కొంటారు? బావి పూడ్చే రోజు నాయన ఇల్లు కదల్లేదు.

మొన్న ఎండాకాలం తిరుపతిలో మా ఇంటికొచ్చి పది రోజులున్నాడు. వచ్చిన సాయంత్రమే ఇంటి చుట్టూ తిరిగి, వెనక గోడ దగ్గర ఆగాడు. గోడకు అవతల, ఇళ్ల మధ్యలో, తుమ్మచెట్లు మొలిచిన మడి ఒకటి మిగిలి ఉంది. గోడ మీద చెయ్యి ఆనించి దాని వైపు చూశాడు.

"ఈ గోడ కట్టకముందర ఈడ ఎవురి దావ ఉండిందో పాపా" అన్నాడు.

ఎవరిదో నాకు తెలుసు. ఆ గోడకు పునాది తీసే రోజు ఒక ముసలాయన రెండావుల్ని తోలుకుని వచ్చాడు. "అమ్మా, మా మడికి ఇదే దావ. నాలుగడుగులు ఇడిసిపెట్టి కట్టుకోండి" అని అడిగాడు. నేను లోపలికి పోయి దస్తావేజు తెచ్చి, అందులోని ప్లాను విప్పి చూపించాను. "ఇందులో దావ లేదు పెద్దాయనా" అన్నాను. ఆయన మళ్లీ రాలేదు.

అది నాయనతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఈడ ఏ దావా లేదు నాయనా" అన్నాను.

నాయన ఆ మడి మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఉంటాది పాపా" అన్నాడు. "దావ లేకుండా ఆ మడి ఎట్ట దున్నింటారు?"