టేపుకి అవతలి కొస

నవ్వుకోండి, పర్లేదు. ఎవరైనా చెబితే నేనూ నవ్వేవాణ్ణే. కానీ మా అమ్మ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. కల్పించే తెలివే ఉంటే ఆర్కియాలజీ ఎందుకు చదువుతాను?

కూల్చబోయే కట్టడాలను ముందుగా కొలిచి, ఫొటోలు తీసి, కాగితం మీద బతికించడం మా పని. కోటలు కావు. గోదాములు, క్వార్టర్లు, సినిమా హాళ్ళు. వాటిని వారసత్వ సంపద అంటారు. అనేసి మర్నాడు పడగొడతారు.

ఆ రోజు ఫిషింగ్ హార్బర్ వెనక మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ. తెల్లవారి ఐదింటికి బుల్డోజర్ వస్తుంది. రాత్రి పదైనా కొలుస్తూనే ఉన్నాం, నేనూ, నా సహాయకుడు అప్పలరాజూ. టేపు మొదటి కొస అతను గోడకి ఆనించి "సున్నా!" అని అరవాలి. ఇవతల నేను అంకె చదివి రాసుకోవాలి. అరుపు వినకుండా అంకె రాయకూడదు. పట్టుకున్నవాడు పక్కన సంతకం పెట్టాలి. అదీ పద్ధతి.

ఫారంలో చివరి గడి... లోపల ఎవరైనా నివాసం ఉన్నారా? ఉన్నారని రాస్తే కూల్చడం ఆగుతుంది. మా ఫైలు మళ్ళీ మొదటికొస్తుంది.

గేటు దగ్గర టీ అమ్మే నూకాలు సాయంత్రమే చెప్పింది. "లోపల ముసలోడున్నాడు బాబూ. ఇందులో పన్జేసినోడే. ఎక్కడికీ పోనేడు. కాయితంలో రాయండి బాబూ."

అప్పలరాజు నవ్వాడు. "దానికి మతి నేదు బావా. ఆ ముసలోడు మొన్న వానల్లోనే పోనాడని ఎవలో సెప్పినారు."

గుమ్మంలో నిలబడి "ఎవరైనా ఉన్నారా?" అని రెండుసార్లు పిలిచాను. నిజానికి ఒకటిన్నర సార్లు. ఎవరూ పలకలేదు. 'లేరు' అని టిక్కు పెట్టాను. చాలా హాయిగా పెట్టాను.

ఆఖరిది ఐసు దిమ్మలు దాచే గది. కిటికీల్లేవు. ఉప్పు, తడి, పాత చేపల వాసన. టార్చి గుడ్డిగా వెలుగుతోంది. అప్పలరాజు టేపు కొస పట్టుకుని చీకట్లోకి నడిచాడు. నేను తలొంచి ఫారం నింపుతున్నాను.

కాసేపటికి టేపు బిగిసింది.

"సున్నా..."

మెల్లగా. బొంగురుగా. అప్పలరాజైతే అరుస్తాడు. ఇది అరుపు కాదు...

"ఆరు మీటర్ల నలభై," అన్నాను.

"రాసుకో బాబూ."

అప్పలరాజు నన్ను బావా అంటాడు.

కొస వదిలేశారు. టేపు స్స్స్...మంటూ వచ్చి నా చేతిలో చుట్టుకుంది. దాని కొస తడిగా ఉంది. చల్లగా కూడా.

అప్పుడు నా వెనక నుంచి... గుమ్మం వైపు నుంచి... అప్పలరాజు. చేతుల్లో రెండు టీ గ్లాసులు.

"ఏటి బావా, ఒక్కడివే కొలిసేత్తన్నావ్? కొస గోడకాడ పడేసి, ఎనక తలుపులోంచి టీకి ఎల్తన్నానని సెప్పాను కదా. ఇన్నేదా?"

పది అంగలు వేసి ఆ గోడ మీద టార్చి కొడితే తెలిసిపోయేది. వెయ్యలేదు. అక్కడ మనిషి కనబడితే టిక్కు మార్చాలి కదా.

టీ తాగాం. వెళ్ళిపోయాం.

ఐదింటికి గోడలు పడ్డాయి. నూకాలు ఎవరితో అన్నట్టూ కాకుండా అంది, "రాత్రి ముసలోడికి టీ అట్టుకెల్లినాను. గళాసు తిరిగి రానేదు." మధ్యాహ్నానికల్లా శిథిలాలు లారీలెక్కాయి. ఎవరూ వెతకలేదు. నేను అడగనూ లేదు.

రిపోర్టు బాగుందన్నారు. కొలతలు మరీ బాగున్నాయన్నారు. ఆరు నలభై పక్కన మాత్రం సంతకం లేదు.

"పట్టుకున్నోడ్ని నాను కాదు బావా," అంటాడు అప్పలరాజు. "సంతకం నాను ఎట్టను."

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఆ రాత్రి అక్కడున్నది దెయ్యమే అయ్యుండాలని... రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.