గడ్డిలో మాగని పళ్లు

ఆ రోజు నా చేత్తో కోసిచ్చిన మామిడి ముక్కలను ఇప్పటికీ మరిచిపోలేదు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్లలోకి వస్తున్న ఏళ్లవి. కొల్లాపూర్ తోటల్లో కాసి, వరిగడ్డిలో మాగేసిన బేనిషాన్ మామిళ్లను, ఫోను చేసినవాళ్లకు హైదరాబాదులో ఇంటికే చేర్చే కంపెనీ పెట్టాలనుకున్నాను. నా దగ్గరున్నవి ఒక ల్యాప్‌టాప్, నాలుగు స్లైడ్లు, వరసకు మామ అయ్యే ఒక రైతు. మా దిక్కు తోటను పూత మీదనే ధర మాట్లాడి, కాయ కొనే సేటుకు అప్పజెబుతారు. ఆ తర్వాత గాలివాన వచ్చినా నష్టం సేటుదే. ఆ ఏడు మామ నా మాట నమ్మి సేటును వెనక్కి పంపాడు. నా కంపెనీ నిలబడకపోతే, కాయ దిగేవేళ ఆయన మళ్లీ ఆ సేటు కాళ్లే పట్టుకోవాలి.

పెట్టుబడి పెట్టే సార్లు ఇద్దరు, అనుకున్నదానికంటే వారం ముందే వస్తామన్నారు. గడ్డిలో పెట్టిన కాయ ఇంకా పచ్చిగానే ఉంది. నాగర్‌కర్నూల్ పోయి, కాయకు తొందరగా రంగు తెప్పించే కార్బైడ్ పొట్లాలు తెచ్చి, రెండు డబ్బాల కాయల మధ్య పెట్టి మూతేశాను. రెండో రోజుకు అన్నీ ఒకే పసుపు. గది నిండా కుళ్లిన వెల్లుల్లి కంపు. ఒక్కో పండునూ తడిగుడ్డతో తుడిచాను.

మామ ఒక పండు వాసన చూసి కింద పెట్టాడు.

"ఏందల్లుడా ఇది?"

"ఈ ఒక్కసారికే మామా. జర ఊకో."

సార్లు వచ్చారు. రసాయనం తగలని పండు అని రాసిన స్లైడు చూపించాను. ఒకాయన మామవైపు తిరిగి, "ఏం పెద్దాయనా, గడ్డిలో మాగినవేనా?" అన్నాడు.

మామ నావైపు ఒకసారి చూశాడు. "గడ్డిలయే సారూ" అని తలొంచుకున్నాడు.

టెంక చుట్టూ తెల్లగా, పుల్లగా ఉన్న ఆ ముక్కలను వాళ్లు నమిలి బాగున్నాయన్నారు.

కారెక్కుతూ పెద్ద సారు నా భుజం తట్టాడు. "కార్బైడని తెలిసిందిలే. రెండ్రోజుల్లో పనైపోతుంటే వారం దాకా గడ్డెందుకు? రంగు ఇట్లాగే ఉంచు. స్లైడు కూడా మార్చకు."

నేను నవ్వాను. అన్నింటికంటే ఆ నవ్వంటేనే నాకు రోత.

"ఏమన్నరు?" అన్నాడు మామ, కారు పోయాక.

"ఒప్పుకున్నరు."

"గడ్డికేనా?"

"ఆ."

మర్నాడు ఆయన రెండు బండ్ల వరిగడ్డి తెప్పించి షెడ్డంతా పరిచాడు. నేను పక్కనే నిలబడి చూశాను, అసలు సంగతి చెప్పలేదు. ఐదు రోజులకు కంపెనీ పేరుతో కార్బైడ్ పెట్టెలు దిగాయి. మామ ఒకటి విప్పి చూసి, మళ్లీ మూశాడు. కేకలేయలేదు.

"నీ కోసమని సార్లతోటి అబద్ధమాడితి. నువ్వు నాతోటి ఎవని కోసమాడినవ్?"

 ఆయన ఆ సాయంత్రమే బస్సెక్కి సేటు దగ్గరికి పోయాడు. నేను ఆపలేదు. వేరే తోటల కాయతో, అదే స్లైడు చూపిస్తూ, రెండేళ్లు కంపెనీ నడిపాను.