తాటిచెట్టు చోట నిలబడ్డ తల్లి

ఊరుకున్నంత ఉత్తమం లేదని మా అమ్మ అంటూనే ఉండేది. వింటేనా! అరవయ్యో దశకం చివర్లో, విజయనగరంలో కుర్రాళ్లకు చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ హాయిగా ఉండక, రెండో ప్రపంచ యుద్ధంలో మా ప్రాంతం నుంచి వెళ్లి విమానం నడపడం నేర్చుకున్నవాళ్ల గురించి పుస్తకం రాస్తానని బయల్దేరాను. శిక్షణ ముగించి ఛాతీమీద రెక్కల బిళ్ల పెట్టించుకున్నవాళ్లలో ఒకాయన అరసవల్లిలో దొరికాడు.

"శిక్షణలో నా పక్క మంచం కుర్రాడిది గజపతినగరం దగ్గర పల్లె. తీరం వెంట విమానంలో కాపలా తిరుగుతూ నా కళ్లముందే భోగాపురం వైపు సముద్రంలో పడిపోయాడు" అన్నాడాయన.

ఎవరికీ తెలియని సంగతి నాకు తెలిసిందని ఎగిరి గంతేశాను. ఆ ఊపులోనే వెళ్లి ఆ కుర్రాడి తల్లి గుమ్మంలో నిలబడ్డాను. కొడుకు కనబడటం లేదని తప్ప ప్రభుత్వం ఆవిడకి ఏమీ చెప్పలేదు. నేను చెప్పిందంతా విని, చోళ్లు చెరుగుతున్న చేట పక్కన పెట్టింది.

"ఆ సోటు సూపించు బాబూ. ఇన్నేళ్లయినాది, ఆడి పేరు సెప్పి ముద్ద కూడెట్టనేదు. ఎక్కడున్నాడో తెలీకుండా ఎక్కడెట్టను?"

నా తెలివంతా అక్కడితో సరి.

వాకబు చేయగా చేయగా, ఆ విమానం పడటం చూసిన ముసలి జాలరి ఒకడు భోగాపురం తీరాన దొరికాడు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. జాలర్లకు సముద్రం మీది గుర్తులు ఒడ్డునే ఉంటాయి. కొండ, చెట్టు ఒకే వరసలోకి వస్తే ఫలానా చోటు అన్నమాట. విమానం మునిగిన చోట వలలు చిరుగుతున్నాయని ఆయన ఏళ్ల తరబడి ఆ గుర్తు చూసుకుని తప్పుకుపోయేవాడట.

"కొండకొమ్ము తాటిసెట్టు నెత్తిమీదకొస్తే అదే సోటు. ఏటి లాభం? మొన్నటి గాలివానకి సెట్టు పోనాది" అన్నాడు.

"సెట్టు సోట నాను నిలబడతాను" అందావిడ.

"మడిసి అంత దూరం అవుపడదప్పా."

"ఎందుకవుపడను తమ్ముడా? ఆడి తల్లిని నాను!"

ఆయన నన్ను ఎక్కించుకుని పడవ నీళ్లలోకి తోశాడు. ఆవిడ నా ఒళ్లో మూట పెట్టింది. జాలరి ఇంటి పొయ్యిమీద తనే వండిన అన్నం, ఆవపెట్టిన పనసపొట్టు కూర. మూట ఇంకా వెచ్చగా ఉంది.

"సోటు సూసి ఎట్టు బాబూ. పక్కనెడితే ఆడు అడిగి తినే రకం కాదు."

కెరటాలు దాటాక వెనక్కి చూశాను. కూలిన తాటిచెట్టు చోట, తెల్లచీరలో, చేతులు రెండూ పైకెత్తి నిలబడి ఉంది. కాసేపటికి కొంగంత అయింది. తర్వాత చుక్కంత. ఆ తర్వాత కొండ ఉంది, ఇసక ఉంది, ఆవిడ లేదు. ముసలాయన తెడ్డు ఆపి, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకుని వెతికాడు. పడవని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. నేనూ కళ్లు నొప్పెట్టేలా చూశాను.

"ఇక్కడే ఎక్కడో బాబూ. ఎట్టెయ్యి. సంద్రం ఎక్కడైనా ఒకటే" అన్నాడు చివరికి.

మూట ముడి మీద చెయ్యి వేశాను, విప్పలేకపోయాను. నా పుస్తకం మీద, నా మీద, అడ్డమైన ఆ గాలివాన మీద ఒళ్లు మండిపోయింది. ఏం లాభం? చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చేసింది. ఆయన తల తిప్పుకుని పడవని ఒడ్డుకి మళ్లించాడు.

మేం వచ్చేసరికి ఆవిడ చేతులు ఇంకా పైనే ఉన్నాయి. నా చేతిలో మూట చూసింది.

"అవుపడనేదా?"

ఆవిడ మెల్లగా చేతులు దించింది.

"నాను పొట్టిదాన్ని" అంది. "ఆడి అయ్య పొడుగు. ఆయనుంటే అవుపడేవోడు."